ఇరవై అయిదు పిన్నుల తాళం

పారేయనని చెప్పాను. మూడుసార్లు చెప్పాను. మొదటిసారి మామూలుగా, రెండోసారి గట్టిగా, మూడోసారి సుపేలా బజారులో దారిన పోయేవాళ్ళు ఆగి చూసేలాగా.

కంప్యూటర్లు బాగుచేసే దుకాణం అతను నా పాత పెట్టెను బల్లమీద పడుకోబెట్టి, లోపలి బోర్డు మీద ఉబ్బిపోయిన చిన్న చిన్న డబ్బాలను వేలితో చూపించాడు. "దీదీ, బోర్డు ఖతమ్" అన్నాడు. ఖతమైతే వేరే బోర్డు వెయ్యమన్నాను. కొత్తది తీసి చూపించాడు. దాని వెనక నాక్కావలసిన కన్నం లేదు. ఇరవై అయిదు రంధ్రాలతో వెడల్పుగా ఉండేది, వెనకటి రోజుల్లో ప్రింటర్ తగిలించేది. "అది ఇప్పుడు ఏ కంపెనీ ఇవ్వడం లేదు దీదీ, బంద్ హో గయా. మీరు కూడా దీన్ని పాత ఇనుముతోపాటు కబాడీకి వేసెయ్యండి" అన్నాడు. అంటూనే నా పెట్టె వెనక ఇరవై ఏళ్ళుగా కదలకుండా ఉన్న తాళాన్ని స్క్రూడ్రైవర్ పెట్టి పెకిలించి నా చేతిలో పెట్టాడు.

ఎవడు బంద్ చేశాడయ్యా? నన్ను అడిగి చేశాడా?

నేను పుట్టింది భిలాయిలోనే. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి స్టీల్ ప్లాంటులో పనికి వచ్చినవాడు. పెళ్ళయ్యాక కూడా నా కాపురం ప్లాంటు క్వార్టర్లున్న సెక్టర్ 4 దాటలేదు. ఆ క్వార్టర్ ముందుగదిలోనే పాతికేళ్ళకు పైగా తెలుగు టైపు చేస్తున్నాను. శుభలేఖలు, గృహప్రవేశం కార్డులు, పెద్దకర్మ కార్డులు, తెలుగు సంఘంవాళ్ళ వార్షికోత్సవం పుస్తకాలు. ఇక్కడ హిందీలో అచ్చు వేసేవాళ్ళు వీధికి నలుగురున్నారు. తెలుగు అక్షరం కావాలంటే మాత్రం నా గుమ్మం ఎక్కాల్సిందే. ఆ గర్వం నాకుంది, దాచుకోను.

అప్పట్లో తెలుగు టైపు సాఫ్ట్‌వేర్ కొంటే దాంతోపాటు ఒక తాళం ఇచ్చేవారు. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది. ఒకవైపు ఇరవై అయిదు పిన్నులు, రెండోవైపు ఇరవై అయిదు కన్నాలు. పిన్నులవైపు కంప్యూటర్ వెనక గుచ్చాలి, కన్నాలవైపు ప్రింటర్ తీగ తగిలించాలి. అది అక్కడ ఉంటేనే సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది. లేకపోతే తాళం లేదని ఒక్క ముక్క చెప్పి మూసుకుపోతుంది. అమ్మినాయన వైజాగ్ నుంచి వచ్చి బిగించి, వెళ్ళేముందు చేతులు జోడించి మరీ చెప్పాడు. "అమ్మా, ఇది పోతే నేను కూడా ఏమీ చెయ్యలేను. దేవుడు దిగొచ్చినా తెరుచుకోదు." ఆ మాట నేను చాలా గట్టిగా పట్టుకున్నాను. ఎంత గట్టిగానో తర్వాత బయటపడింది.

కార్డులే అయితే పోనీలే అనుకునేదాన్ని. ఆ పెట్టెలో మాష్టారి వాచకం ఉంది. అదీ నా బాధ.

మాష్టారు ఇక్కడి తెలుగు మీడియంలో నాకు పాఠాలు చెప్పినవారు. పిల్లలు చాలడం లేదని తెలుగు మీడియం ఎత్తేసినప్పుడు ఆయన్ని ఆఫీసులో రిజిస్టర్లు రాయడానికి కూర్చోబెట్టారు. ఆయన ఎవరితోనూ గొడవ పడలేదు. ఆదివారాలు సంఘం హాల్లో చాపలు పరిచి, దొరికిన పిల్లల్ని పోగుచేసి అఆలు మొదలుపెట్టారు. ఊరి నుంచి తెప్పించిన వాచకాల్లో ఏ అంటే ఏతాం అని ఉండేది. "మన పిల్లలు ఏతాం ఎక్కడ చూసేరమ్మా?" అని తనే ఒక వాచకం రాశారు. అందులో ఉ అంటే ఉక్కు, ఇ అంటే ఇనుము, బ అంటే బట్టీ, స అంటే సైరన్. "నాన్న షిఫ్టుకి వెళ్ళాడు. అమ్మ డబ్బా కట్టింది. చెల్లి గేటు దగ్గర నిలబడింది." ఇలాంటి పాఠాలు. మొత్తం నలభై ఎనిమిది పేజీలు.

ఆయన నా పక్కన స్టూలు వేసుకుని చెబుతుంటే నేను టైపు చేశాను. నాది సూదులతో చుక్కలు పొడిచే పాత ప్రింటర్. ఒక్కో వరుస మీద అటూ ఇటూ మూడుసార్లు తిరుగుతూ కర్రు కర్రుమని గీసేది. ఆ రొద భరించలేక మా ఆయన వంటింట్లోకి పారిపోయేవాడు. మాష్టారు మాత్రం కళ్ళు మూసుకుని, సన్నాయి వింటున్నంత శ్రద్ధగా వినేవారు. "నడుస్తున్నాది, నడుస్తున్నాది" అని తల ఊపేవారు. కాగితం బయటికి రాకముందే ఆయనకు పాఠం అచ్చయిపోయినట్టే.

ఆ పుస్తకాలు పిల్లల చేతుల్లో నలిగి చిరిగిపోయాయి. మాష్టారి దగ్గర మిగిలిన ఒక్క ప్రతిని, కుమ్హారిలో కొడుకు కట్టుకున్న ఇంటికి మారేటప్పుడు తీసి చూస్తే, చెదలు తినేసింది. ఈమధ్య సంఘంవాళ్ళు ఆదివారం తరగతి మళ్ళీ పెడదామన్నారు. విజయదశమి నాడు మొదలు. పదకొండుమంది పిల్లలు చేరతామన్నారు. ఆ కబురు అందగానే మాష్టారు నాకు ఫోన్ చేశారు.

"ఏటమ్మా, మన వాచకం అచ్చయిందా?"

"అవుతుంది మాష్టారూ. పండక్కి మీ చేతిలో పెడతాను" అన్నాను.

మర్నాడు మళ్ళీ ఫోను. "ఏటమ్మా, అచ్చయిందా?" అదే గొంతు, అదే హుషారు. నిన్న అడిగిన సంగతే ఎరగరు. మూడోరోజు ఆయన కోడలు ఫోన్ తీసుకుని పక్కకెళ్ళి మెల్లిగా చెప్పింది. "ఏటీ అనుకోకు వదినా. మావయ్యగారికి మరుపొచ్చీసింది. పొద్దున్న తిన్నది మధ్యాన్నానికి గుర్తుండట్లేదు. ఆ పుస్తకం ఒక్కటే పట్టుకుని కూర్చున్నారు. అదేదో బేగి ఇచ్చీయకూడదేటి?"

బేగి ఇద్దామనే స్విచ్ వేశాను. పెట్టె ఉలకలేదు, పలకలేదు. అలా సుపేలా దుకాణానికి వెళ్ళడం, అక్కడ అందరూ ఆగి చూసేలా అరవడం జరిగింది. అరవక ఏం చెయ్యను? రాసినాయన మర్చిపోతున్నారు. పుస్తకాన్ని చెదలు తింది. ఆ నలభై ఎనిమిది పేజీలు ఇక ఈ భూమ్మీద ఉన్నది నా పెట్టెలోనే. ఆ పెట్టెను కబాడీకి వెయ్యమంటాడు!

మా అక్క కూతురు రాయ్‌పూర్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేస్తుంది. ఆదివారం స్కూటీ వేసుకుని వచ్చింది. దాని ల్యాప్‌టాప్ వేలెడు మందం కూడా లేదు. పక్కన చీమ దూరేంత కన్నాలు రెండున్నాయి, అంతే. ఏదో తీగ తెచ్చి, నా పాత పెట్టెలోంచి ఊడదీసిన డిస్కును దానికి తగిలించి, వాచకం ఫైలు పట్టేసింది. "మిల్ గయా పిన్నీ!" అని గంతేసింది. తెరిచి చూస్తే ఒక్క తెలుగు అక్షరం లేదు. ఇంగ్లీషు ముక్కలు, ప్రశ్నార్థకాలు, పిచ్చి గీతలు.

"కరప్ట్ అయిపోయింది పిన్నీ. ఛోడో నా. మళ్ళీ టైప్ చేసెయ్."

"దేన్ని చూసి చెయ్యమంటావే? చెదల కడుపులో చూసి చెయ్యనా?"

అది చెడిపోలేదు. ఆ రోజుల్లో ఏ కంపెనీకి ఆ కంపెనీ తెలుగు అక్షరాలకు సొంత గుర్తులు పెట్టుకుంది. నా సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటేనే ఆ గీతలు మళ్ళీ ఉక్కూ ఇనుమూ అవుతాయి. అదంతా నెమ్మదిగా చెప్పవచ్చు. నేను చెప్పలేదు. "నీకు తెలుగు చదవడం వస్తే కదా, చెడిందో లేదో తెలిసేది!" అనేశాను. దాని మొహం చిన్నబోయింది. హిందీ బడిలో చదివిన పిల్ల, తెలుగు మాట్లాడుతుంది గానీ అక్షరం రాదు. అందులో దాని తప్పేముంది? నా నోరు అలాంటిది.

అయినా పాపం అలిగి వెళ్ళిపోలేదు. చిన్న కన్నంలో గుచ్చి పెద్ద కన్నం చేసే ముక్క ఒకటి తెప్పించింది. పాత డిస్కులోని సాఫ్ట్‌వేర్‌ను నడిపించే ఉపాయం కూడా ఏదో చేసింది. తాళం గుచ్చాం. తాళం లేదంది. తీసి మళ్ళీ గుచ్చాం. లేదంది. ఆ ముక్కకు ప్రింటర్‌తో మాట్లాడడమే తెలుసట, తాళం సంగతి తెలియదట.

నాకు ఒళ్ళు మండిపోయింది. ముందు ఫ్లాపీ తీసేశారు, ఊరుకున్నాను. గుండ్రటి కీబోర్డు పిన్ను తీసేశారు, కొత్త కీబోర్డు మీద వేళ్ళు మళ్ళీ అలవాటు చేసుకున్నాను. వెడల్పాటి తీగల డిస్కు పోయింది, సీడీ పోయింది. ప్రతిసారీ ఇదే కబురు: సన్నంగా ఉంటుందమ్మా, వేగంగా ఉంటుందమ్మా. ఉండనీ. కొత్తది రావద్దని నేను ఎన్నడూ అనలేదు. తలుపు మూసేముందు లోపల ఎవరైనా ఉన్నారా అని ఒక్క కేక వెయ్యరెందుకని? తెలుగు మీడియం ఎత్తేసిన రోజున కూడా అంతే చేశారు. మాష్టారు అరవలేదు. ఆయన వాటా కూడా కలిపి నేను అరుస్తాను.

పండగ ఇంకా ఆరు రోజులుంది. చరోదాలో మాకు వరసకు బాబాయ్ ఒకాయన ఉన్నాడు. రైల్వేలో సిగ్నళ్ళు, టెలిఫోన్ల పని చేసి రిటైరయ్యాడు. ఇంట్లో ఒక గది నిండా పాత బోర్డులూ తీగలే. ఆయన భార్య, మా పిన్నికీ ఆయనకీ జరిగే తగువులన్నీ ఆ గది గురించే. ప్రింటర్, డిస్కు, తాళం మూటగట్టుకుని మా అక్క కూతురి స్కూటీ వెనక కూర్చున్నాను.

"రా తల్లీ, కూకో. అదిటు తే" అని బాబాయ్ ఒక దుమ్ము కొట్టుకున్న పెట్టెను ముందుకు లాగాడు. దాని వెనక ఉంది, ఇరవై అయిదు రంధ్రాల కన్నం. తప్పిపోయిన చుట్టం కనబడినంత సంతోషమైంది నాకు. "కబాడీవోడి కాడ ఏరుకొచ్చినాను. ఆడికిది తూకానికి ఇనప్ముక్క" అన్నాడు బాబాయ్. డిస్కు తగిలించాడు. పెట్టె ఏవేవో ప్రశ్నలడిగింది, ఆయన తోచింది చెప్పుకుంటూ పోయాడు. నా పాత తెర మళ్ళీ కళ్ళముందుకు వచ్చింది. తాళం గుచ్చాం. సాఫ్ట్‌వేర్ మీద నొక్కాను.

తాళం లేదు.

ఏడ్చేశాను. అంత వయసొచ్చాక ఒకరింట్లో కూర్చుని అలా వెక్కి వెక్కి ఏడవడం సిగ్గే, కానీ ఆగలేదు. మాష్టారికి ఏం చెప్పను? చెప్పినా రేపు మర్చిపోయి మళ్ళీ అడుగుతారు. రోజూ ఆయనకు కొత్తగా ఆ చావుకబురు చెప్పాలా?

బాబాయ్ తాళం ఊడదీసి, భూతద్దం పెట్టి, కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నావైపు తిరిగాడు.

"ఓలమ్మో! దీనికి గంధం పూసీసినావేటే?"

పూశాను. ఇక్కడ సెప్టెంబరులో విశ్వకర్మ పూజ వస్తుంది. ఆ రోజు ప్లాంటులో ఏ మెషీనుకైనా బొట్టూ పూలదండా ఉండాల్సిందే. మా నాన్న ఇంట్లో కూడా సైకిలుకీ, పటకారుకీ, గోడగడియారానికీ బొట్లు పెట్టేవాడు. నేను కంప్యూటర్‌కి పెట్టాను. అందులోనూ దేవుడు దిగొచ్చినా తెరుచుకోదన్న తాళం కదా, దానికి కాస్త ఎక్కువ భక్తి. ఏటా తడి గంధం పుల్లతో దాని అతుకు చుట్టూ మందంగా పూసి, పైన కుంకుమ పెట్టి, అక్షింతలు వేశాను. ఊడదీసి పూస్తే పాడవుతుందేమోనన్న భయంతో, ఉన్నచోటే పూశాను. ఈ ఏడు కూడా, పెట్టె చావడానికి వారం ముందు, మర్చిపోకుండా పూశాను. ఆ గంధమంతా ఏళ్ళతరబడి లోపలికి దిగి, పిన్నులకు పచ్చగా చిలుము పట్టించింది. దుకాణం అతను పెకిలించినప్పుడు ఆ పెచ్చులు ఊడి కన్నాల్లో కూరుకుపోయాయి. కంపెనీలను తిట్టిన తిట్లలో సగం నాకే తగలాలి.

"పిన్నీ, దానికి హల్దీ చేశావా? షాదీ కబ్ హై?" అని మా అక్క కూతురు కడుపు పట్టుకుని నవ్వింది. బాబాయ్ నవ్వాడు. టీ తెచ్చిన పిన్ని సంగతి విని గుమ్మంలోనే నిలబడి నవ్వింది. ముక్కు చీదుకుంటూ నేనూ నవ్వాను.

బాబాయ్ స్పిరిట్‌లో ముంచిన పాత పళ్ళబ్రష్షుతో తోమాడు. సూదితో ఒక్కో కన్నంలోంచి గంధం తవ్వి తీశాడు. వంగిన పిన్ను ఒకటుంటే ఊపిరి బిగబట్టి నిలబెట్టాడు. రెండు టీలయ్యాయి. "ఇప్పుడు సూడు" అన్నాడు.

తెరుచుకుంది. నల్లటి అక్షరాలు, ఒక్కటి కూడా చెదరలేదు. ఉ, ఉక్కు. పైకి చదివాను. నా భుజం మీదుగా తొంగి చూస్తూ మా అక్క కూతురు అడిగింది, "పిన్నీ, ఇందులో ఉ ఏది?" చూపించాను. ఈసారి నోరు అదుపులో పెట్టుకున్నాను.

బాబాయ్ ఆ పెట్టెను నాకే ఇచ్చేశాడు. పిన్ని సంతోషించింది. ప్రింటర్ రిబ్బన్ ఎండిపోయి ఉంది. కొత్తది కుమ్హారి దగ్గర హైవే మీద లారీలు తూచే ధరమ్‌కాంటా అతను ఇచ్చాడు. అతని దగ్గర రశీదులు కొట్టేది నా ప్రింటర్‌లాంటి దానితోనే, రోజుకు ఎన్ని లారీలకో. మరి ఎక్కడ బంద్ అయింది ఇది? ఎవరికి బంద్ అయింది?

విజయదశమి నాడు పదకొండుమంది పిల్లలూ చాపల మీద కూర్చున్నారు. మాష్టారిని కొడుకు కారులో తీసుకొచ్చాడు. పుస్తకం ఒళ్ళో పెట్టాను. అట్ట నిమిరారు, పేజీ తిప్పి వాసన చూశారు. ఇంట్లో అక్షరాలు నేర్చుకుని వచ్చిన ఒక చిన్నపిల్ల షిఫ్టు పాఠం కూడబలుక్కుని చదివితే, "మీ నాన్నది ఏ షిఫ్టమ్మా?" అని అడిగారు. "పాపా కా జనరల్ హై" అంది. "తెలుగులో చెప్పు" అని నవ్వారు. నా పని అయిపోయిందనుకున్నాను. ఇంటికి వచ్చి హాయిగా నిద్రపోయాను.

మర్నాడు సాయంత్రం నాలుగింటికి ఫోను.

"ఏటమ్మా, మన వాచకం అచ్చయిందా?"

"అయింది మాష్టారూ. నిన్న మీ ఒళ్ళోనే ఉంది కదా" అన్నాను.

"నా ఒళ్ళోనా? నన్ను మభ్యపెట్టకమ్మా. పిల్లలు కూర్చుని ఉంటారు. పుస్తకం లేకుండా ఏటి చెప్పను వాళ్ళకి?" వెనక నుంచి కోడలు ఇదిగో మావయ్యగారూ, పుస్తకం అంటోంది. "ఇది ఎవరిదో. మనది ఇంకా అవనేలేదు" అంటున్నారాయన.

మామూలుగా అయితే ఒకే మాట రెండుసార్లు అడిగితే నేను విసుక్కునే మనిషిని. ఆ రోజు విసుగు రాలేదు. ఏం చెయ్యాలో తోచక ప్రింటర్ స్విచ్ వేసి, మొదటి పేజీ పంపి, ఫోన్ దాని పక్కన పెట్టాను. కర్రు కర్రు మొదలైంది. అటు ఒక్కసారిగా సద్దుమణిగింది. పేజీ అంతా అయ్యేదాకా ఆయన విన్నారు.

"ఆఁ, నడుస్తున్నాది" అన్నారు చివరికి. "మంచిదమ్మా. ఇంక నాకు బెంగలేదు."

అప్పట్నుంచి రోజూ నాలుగింటికి అదే. మా అక్క కూతురు ఉపాయం చెప్పింది. "ఆ సౌండ్ రికార్డ్ చేసుకో పిన్నీ. ఫోన్‌లోంచే వినిపించెయ్. ఈ డబ్బా ఎందుకు?" మంచి మనసుతోనే చెప్పింది. నేను ఒప్పుకోలేదు. ఆయన అడుగుతున్నది చప్పుడు వినిపించావా అని కాదు, అచ్చయిందా అని. అచ్చు వెయ్యకుండా అయిందని మా మాష్టారికి చెప్పను.

అందుకని రోజుకో పేజీ నిజంగానే వేస్తున్నాను. నలభై ఎనిమిది రోజులకు ఒక పుస్తకమవుతుంది. కుట్టి, తరగతిలో కొత్తగా చేరిన పిల్లకో పిల్లాడికో ఇస్తాను. మొదటిది మాత్రం మా అక్క కూతురు నన్ను అడక్కుండానే బ్యాగులో పెట్టుకుని పోయింది. ఆదివారాలు ల్యాప్‌టాప్ తెచ్చి పక్కన కూర్చుంటుంది. వాచకాన్ని ఎవరి ఫోన్‌లోనైనా తెరుచుకునే అక్షరాల్లోకి మళ్ళీ టైపు చేస్తున్నాను. అదీ జరగాల్సిందే, నేను మూర్ఖురాలిని కాను. అది పూర్తయిన రోజున కూడా ఈ పెట్టె ఇక్కడే ఉంటుంది. ఈ బోర్డు పోతే బాబాయ్ దగ్గర ఇంకో రెండున్నాయి. విశ్వకర్మ పూజకు తాళానికి పొడి కుంకుమ, అదీ పైపైన, పెడతాను. ఎవరెన్ని బంద్ చేసుకుంటారో చేసుకోనీండి.

ఇవాళ పదిహేడో పేజీ, షిఫ్టు పాఠం. కాగితం ఎక్కించి పెట్టాను. నాలుగవుతోంది. ఏటమ్మా, అచ్చయిందా అంటారు. అవుతోంది మాష్టారూ, వినండి అంటాను.